వరండా ఉన్న బండి

మా ఆయన లుబోష్ లిఫ్టులు బాగుచేస్తాడు. నేను మా ఊరు బ్ర్నోలో ట్రాము నడుపుతాను. ఆయన బతుకు పైకీ కిందికీ, నా బతుకు ముందుకీ వెనక్కీ. పక్కకి తిరగడమనేది మా ఇద్దరి ఉద్యోగాల్లోనూ లేదు. ట్రాముకి స్టీరింగు ఉండదన్న సంగతి ఎక్కేవాళ్ళలో చాలామందికి తోచనే తోచదు. పంతొమ్మిదేళ్ళు పట్టాలు ఎటు ఈడిస్తే అటు వెళ్ళినదాన్ని. అందుకని మా పిన్ని పోతూ నా పేరున రాసిన గ్యారేజీ అమ్మేసి నేనొక స్టీరింగు కొనుక్కున్నాను. దాని చుట్టూ ఉన్న బండి కొసరు కింద వచ్చింది.

అది ఇటలీ క్యాంపర్ బండి. నా పెళ్ళికంటే వయసులో పెద్దది. లోపల నలుగురికి పడకలు, రెండు గ్యాసు పొయ్యిలు, సబ్బు రాసుకుంటే మోచెయ్యి గోడకి తగిలే స్నానాలగది, ఒక చిన్న ఫ్రిజ్జు. కప్పు మీది కిటికీ దగ్గర వాన కారుతుందని అమ్మినాయనే నిజాయితీగా చెప్పాడు. అప్పటికి మా అమ్మాయి వియోలాకి పన్నెండేళ్ళు, అబ్బాయి షిమోన్‌కి ఆరు. ఆ వేసవికే క్రొయేషియా వెళ్ళి, సముద్రం పక్కన బండి ఆపుకుని, అందులోనే పడుకుందామని పిల్లలకి మాటిచ్చాం.

"ఒక్క వారం చాలు," అన్నాడు లుబోష్. "కప్పు అతికించేస్తా, వెళ్ళిపోదాం."

మా దేశంలో మగవాళ్ళవి బంగారు చేతులని ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఎక్కువగా ఆ చేతులున్నవాళ్ళకే ఉంటుంది. చెడిపోయిన వస్తువుని డబ్బిచ్చి బాగుచేయించుకున్నవాడు ఆ సంగతి పెళ్ళాంతో కూడా చెప్పడు.

మా అపార్టుమెంటు కింద బండి విప్పి పరుచుకునే చోటు లేదు. అందుకని ఊరికి గంట దూరంలో ఒస్లవ నది ఒడ్డున, మా మామగారు వదిలివెళ్ళిన స్థలానికి దాన్ని తీసుకెళ్ళాం. అక్కడ వరసగా ముప్ఫై వారాంతపు కుటీరాలు, ముప్ఫై కంచెలు, కంచె కంచెకీ పూలకుండీలు. మా స్థలంలో మాత్రం పనిముట్ల షెడ్డు ఒక్కటే. కుటీరం ఎప్పుడో వరదలో కొట్టుకుపోయింది. వరద పారే చోటు గనక కొత్తది కట్టుకోవడానికి మునిసిపల్ ఆఫీసు అనుమతివ్వదు.

"చక్రాలున్నదాన్ని నిలబెట్టుకుంటే ఎవడడుగుతాడు?" అన్నాడు లుబోష్. అప్పుడా మాటలో నాకు ప్రమాదం వినపడలేదు.

ఒప్పుకోవాలి, కప్పు నాలుగు రోజుల్లో అతికించాడు. ఆ తరవాత ఒక్క చుక్క కారలేదు. ఐదో రోజు ఫ్రిజ్జు దగ్గరికి వచ్చాడు. మా కొంప ముంచింది ఆ ఫ్రిజ్జే.

ఆ రకం ఫ్రిజ్జు గ్యాసు మీద నడుస్తుంది. బండి సమంగా నిలబడితేనే చల్లబడుతుంది. మా స్థలమేమో నది వైపు వాలు. కాబట్టి ఎడమ చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. రాళ్ళ మీద టైర్లు పాడవుతాయని చక్రాలు గాల్లోకి లేపి ఇరుసుల కింద దుంగలు పెట్టాడు. బండి లేచేసరికి గుమ్మం అందలేదు, కాబట్టి మూడు మెట్లు కట్టాడు. మెట్లు వానకి నానతాయి కాబట్టి వాటి మీద రేకు. రేకు మీది నీళ్ళు గుమ్మంలో పడతాయి కాబట్టి గట్టరు, గట్టరు కింద పీపా. పైన కప్పు ఎలాగూ ఉంది కదా అని కింద చెక్కల నేల, నేల ఉంది కదా అని రెయిలింగు, రెయిలింగు ఉంది కదా అని జెరేనియం కుండీలు. బండి కింద చల్లగా ఉంటోంది కదా అని, ఎవరికీ చెప్పకుండా, బంగాళాదుంపలు దాచుకోవడానికి ఒక గొయ్యి. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడితోనైనా వాదించవచ్చు. లుబోష్ నిజంగానే గడ్డి కోసుకొచ్చి చూపించేవాడు.

మూడో వేసవికి మా బండికి వరండా ఉంది. నాలుగో వేసవికి తపాలాపెట్టె ఉంది.

క్యాంపింగు చెయ్యలేదని అనలేను. ఐదు వేసవులూ ఆ బండిలోనే పడుకున్నాం. రోజూ పొద్దున్నే అదే కిటికీలోంచి, అదే బనీనులో, అదే క్వాపిల్ గారు కనిపించేవాడు. పక్క కుటీరం ఆయనది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు లేతు మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడేనాటికి అందులో సగం ఈయన షెడ్డులోకి చేరిందంటారు. మా వరండా రేకు ఆయన ఇచ్చిందే, రెయిలింగు గొట్టాలూ ఆయన ఇచ్చినవే.

"నీకేంటమ్మా బ్లాంకా, అదృష్టవంతురాలివి," అనేవాడు కంచె మీద మోచేతులు ఆనించి. "మా అల్లుడున్నాడు, బల్బు మార్చాలంటే ఎవర్నో పిలుస్తాడు."

"నాకు కావలసింది వరండా కాదండీ క్వాపిల్ గారూ, సముద్రం."

"సముద్రం ఎక్కడికి పోతుందమ్మా, అక్కడే ఉంటుంది. ముందా చెక్కలకి వార్నిష్ పడనీ."

లుబోష్ చెడ్డవాడు కాడు. తాగి కొట్టేవాడైతే నాకు జనం జాలైనా దక్కేది. వారమంతా ఉద్యోగం చేసి, శని ఆదివారాలు కుటుంబం కోసం ఒళ్ళు హూనం చేసుకునే మొగుడి మీద ఎవరితో చెప్పుకోను? మా అమ్మతో చెబితే, "నీకు కొవ్వెక్కిందే," అంది.

ఈ జూన్‌లో వియోలా నాతో ఒక మాట చెప్పింది. వంటింట్లో నిలబడి, పెరుగు డబ్బాలో చెంచా తిప్పుతూ చెప్పింది.

"అమ్మా, ఆగస్టు మొదటి శనివారం పొద్దున మా ఫ్రెండ్స్‌తో బస్సెక్కుతున్నా. క్రొయేషియాకే. టికెట్ కూడా తీసేసుకున్నా."

"మనం నలుగురం వెళ్దామనుకున్నాం కదే."

"నా పన్నెండో ఏట నుంచీ అనుకుంటూనే ఉన్నాంగా. ఆ శనివారం లోపు మీ బండి కదిలితే, టికెట్ ఎవరికైనా ఇచ్చేసి మీతోనే వస్తా. కదలదులే అమ్మా. నువ్వేం బాధపడకు."

కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. జాలిగా అంది. సెప్టెంబరులో దానికి పద్దెనిమిది నిండుతాయి. వచ్చే వేసవికి పెద్ద పరీక్షలు, ఆ తరవాత ప్రాగ్‌లో చదువు, ఆ తరవాత ఎవడో ఒకడు. మేం నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళడానికి మిగిలింది ఈ ఒక్క వేసవే. మర్నాడు మెండెల్ కూడలి స్టాపులో ఈ సంగతి తలుచుకుని క్యాబిన్‌లో ఏడ్చాను. వెనక జనం తలుపులు తెరవమని బాదుతున్నారు.

ఆ సాయంత్రం లుబోష్‌ని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఈ ఏడు ఖాయమే బాబూ! వరండా కప్పుకి అడుగున సీలింగు కొట్టేస్తే ఇంక పనేం మిగల్లేదు."

"మనం వెళ్ళేది బండిలోనా, వరండాలోనా?"

"తిరిగొచ్చాక ఎక్కడ కూర్చుంటాం మరి?" అన్నాడు, నేనే తెలివితక్కువగా అడిగినట్టు.

మర్నాడు డ్యూటీ దిగాక డిపో క్యాంటీన్లో కూర్చుని, ఎడమ చేత్తో ఒక ఉత్తరం రాశాను.

మా దేశంలో ఆకాశరామన్న ఉత్తరాలకి పెద్ద చరిత్రే ఉంది. చక్రవర్తులు పోయారు, పార్టీలు పోయాయి, ఆ విద్య మాత్రం చెక్కుచెదరలేదు. మా తాతయ్య మీద రాశారు, మా నాన్న మీద రాశారు. అలాంటి పని నేను చేస్తానని కలలో కూడా అనుకోలేదు. కానీ ఇరవై ఏళ్ళ కాపురంలో నాకొకటి తెలిసింది. పెళ్ళాం బతిమాలితే కదలని మావాళ్ళు, ఆఫీసువాణ్ణి బోల్తా కొట్టించాలంటే మాత్రం కొండలైనా కదుపుతారు.

"అయ్యా, వరద పారే చోట బండి అనే పేరుతో ఒక ఇల్లు వెలిసింది. దానికి వరండా, గట్టరు, తపాలాపెట్టె, అడుగున బంగాళాదుంపల గొయ్యి ఉన్నాయి. తక్షణం చర్య తీసుకోగలరు. ఇట్లు, బాధ్యత గల పౌరుడు."

పెట్టెలో వేశాక గాని అసలు సంగతి తోచలేదు. వాళ్ళు వచ్చి చూసి ఇల్లే అంటే కూల్చెయ్యమంటారు. అప్పుడు సముద్రమూ ఉండదు, స్టీరింగూ ఉండదు. పిన్ని గ్యారేజీ మొత్తం ఒక కవరులో పెట్టి జూదమాడాను.

ఆఫీసువాళ్ళు నెల పైగా నిద్రపోయారు. చివరికి జులై నెలాఖరులో ఒక మంగళవారం ఒకావిడ వచ్చింది. మేం సెలవుల్లో అక్కడే ఉన్నాం. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, చేతిలో ఫైలు, కాళ్ళకి రబ్బరు బూట్లు. ఇంజనీరు చదివిందని తెలియగానే కాలనీ మొత్తం ఆవిణ్ణి ఇంజనీరమ్మగారూ అని పిలవడం మొదలుపెట్టింది. చదువుకి మేమిచ్చే గౌరవం అలాంటిది, ముఖ్యంగా ఆ చదువు మనమీద కేసు రాయడానికి వస్తే.

"ఇది ఇల్లా, బండా?" అందావిడ.

"బండేనండీ ఇంజనీరమ్మగారూ!" అన్నాడు లుబోష్. "నంబరు ప్లేటు చూసుకోండి."

నంబరు ప్లేటు మీదికి జెరేనియాలు వేలాడుతున్నాయి. ఆవిడ పూలు పక్కకి జరిపి నంబరు రాసుకుంది.

"వరదొస్తే కదులుతుందా?"

"ఎందుక్కదలదండీ!"

"అయితే ఏదీ, కదపండి."

అందరం చక్రాల వైపు చూశాం. టైరుకీ నేలకీ మధ్య పిల్లి దూరేంత సందుంది. ఆ సందులో నిజంగానే క్వాపిల్ గారి పిల్లి పడుకుని ఉంది.

"వచ్చే వారం శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తాను," అందావిడ ఫైలు మూస్తూ. "రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని పరీక్ష పాసైన కాగితం చూపించండి. నా కళ్ళముందు అదంతటది ఈ గేటు దాటాలి. దాటకపోతే అనుమతి లేని కట్టడమని రాసి, కూల్చమని ఆర్డరిస్తా. ఆ గొయ్యి కూడా పూడ్చెయ్యండి."

ఆవిడ వెళ్ళగానే లుబోష్ కుప్పకూలిపోతాడనుకున్నాను. చూద్దును గదా, ఆయన కళ్ళు మెరిసిపోతున్నాయి.

"కట్టడమంట! నా బండిని పట్టుకుని కట్టడమంటుందా!"

మూడేళ్ళ తరవాత ఆయన నోట బండి అన్న మాట వినడం ఆ రోజే.

ఆ పది రోజులూ మా స్థలంలో తిరునాళ్ళే. కాలనీ మగవాళ్ళంతా వచ్చి మొదటిరోజే వరండాని బండి నుంచి విడదీశారు. ఎవరో నాలుగు టైర్లు తెచ్చారు, ఎక్కడివని ఎవరూ అడగలేదు. గాలి ఫిల్టరులో ఎలకలు మూడు తరాలుగా కాపురముంటున్నాయి, వాటిని ఖాళీ చేయించారు. బ్రేకులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. క్వాపిల్ గారు తన లేతు మీద కొత్త పిన్నులు తిప్పి తెచ్చి, పురిటి బిడ్డని చూపించినట్టు గుడ్డలో చుట్టి చూపించాడు. రోజూ పదిమంది మగవాళ్ళు బండి కింద, వాళ్ళ కాళ్ళు మాత్రం బయట. పక్కన బీరు పెట్టెలు.

సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఐదేళ్ళు నేను అడిగి, అలిగి, తిట్టి కదపలేని బండిని పది రోజుల్లో సిద్ధం చేసేస్తున్నారు. నాకోసం కానిది, కన్నపిల్లల కోసం కానిది, రబ్బరు బూట్ల పిల్లమీద పంతం కోసం అయిపోతోంది. వాళ్ళకి కాఫీలు అందిస్తూ లోపల ఉడికిపోయాను.

ఇంకోపక్క ఉత్తరం ఎవరు రాశారా అని వేట మొదలైంది. మూడోరోజుకల్లా దొంగ దొరికింది. క్వాపిల్ గారికి అవతల, చివరి కుటీరంలో ఒంటరిగా ఉండే హుదెచ్కోవా గారు. కిందటేడు క్వాపిల్ గారి ఆపిల్ కొమ్మ ఆవిడ కంచె మీదికి వచ్చిందని గొడవైంది, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అందరూ ఆవిణ్ణి పలకరించడం మానేశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఉత్తరం మాట వచ్చినప్పుడల్లా నేను లేచి గిన్నెలు కడుక్కునేదాన్ని. ఉండబట్టలేక ప్లమ్ కేకు చేసి ఆవిడకి పట్టుకెళ్ళాను.

"నువ్వొక్కదానివే నన్ను నమ్మావమ్మా," అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నా ముక్క పళ్ళెంలోనే వదిలేశాను. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ నిజం చెప్పలేదు. చెబితే పని ఆగిపోతుంది.

ఆరోరోజు లుబోష్ బండి కింద పడుకుని గొయ్యిలోకి దిగడానికి అడుగున చేసిన కంతకి పలక కొడుతున్నాడు. మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళారు. నేను పక్కన కూర్చుని పనిముట్లు అందిస్తున్నాను.

"బ్లాంకా."

"ఊఁ."

"ఆవిడ రాకముందు ఈ గొయ్యి సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదే."

చేతిలోని మేకుల డబ్బా కింద పెట్టాను.

"ఎలకలకి తెలుసు," అన్నాను.

సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. చివరికి బండి కిందనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.

"పదిహేడో నంబరు స్పానర్ ఇలా పడెయ్."

ఇచ్చాను. ఆ మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అయితే ఆ సాయంత్రం హుదెచ్కోవా గారి గేటు కీచుమంటోందని లుబోష్ వెళ్ళి నూనె వేసి వచ్చాడు. కాలనీ అంతా వింతగా చూసింది.

గురువారం ఆయనా క్వాపిల్ గారూ బండిని పట్నం తీసుకెళ్ళి పరీక్ష పాస్ చేయించుకొచ్చారు. నాకా రోజు ఒక్కటీ డ్యూటీ పడింది. సాయంత్రం వచ్చి చూస్తే బండి మళ్ళీ వరండాకి ఆనుకుని నిలబడి ఉంది. గట్టరు కూడా తగిలించి ఉంది.

"మళ్ళీ ఎందుకు తగిలించావయ్యా?"

"రెండు హుక్కులేనే. రేపొద్దున తీసేస్తా. వరండా ఒక్కటీ అలా నిలబడి ఉంటే బోసిగా ఉంది."

"రేపు ఆవిడ చూసి వెళ్ళాక?"

"వెళ్ళాక ఇంకేముంది, తీరిగ్గా సీలింగు కొట్టుకోవచ్చు."

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే ఉంది నా పని. బ్ర్నోలో ఇంటికెళ్ళి అందరి గుర్తింపు కార్డులూ, ఈతబట్టలూ, దుప్పట్లూ సంచుల్లో కుక్కి రాత్రికే తిరిగొచ్చాను. పొద్దున్నే లేచి రొట్టెపొడి అద్దిన మాంసం ముక్కలు, అదే ష్నిట్జెల్లు, గిన్నెడు వేయించాను. మావాళ్ళు ష్నిట్జెల్లు లేకుండా సరిహద్దు దాటరు. లుబోష్ వాసన చూసి, "పార్టీకా?" అన్నాడు. "ఆఁ," అన్నాను. సంచులు బండిలో పడకల కింద పెట్టేశాను.

శుక్రవారం ఒంటిగంటకి ఇంజనీరమ్మగారు వచ్చింది. కాలనీ మొత్తం కంచెల మీద ఉంది. వియోలా కూడా బ్ర్నో నుంచి వచ్చింది, తమాషా చూడ్డానికి. బస్సు మర్నాడు పొద్దున్నే. లుబోష్ చొక్కా మార్చుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి రెండుసార్లు దగ్గి, నల్లపొగ కక్కి, కదిలింది. గేటు దాటింది, రోడ్డు మలుపులో ఉన్న చిన్నగుడి దాకా వెళ్ళి, తిరిగొచ్చింది. జనం ఈలలు వేశారు. ఇంజనీరమ్మగారు కాగితం మీద "వాహనం" అని రాసి, ముద్రేసి, శుక్రవారం కదా, గబగబా వెళ్ళిపోయింది. క్వాపిల్ గారు బీరు పీపా తెరిచాడు.

"బ్లాంకా, నువ్వెక్కి వెనక్కి తీసుకురా," అన్నాడు లుబోష్ దిగుతూ. "నేను చూసి చెప్తా. గట్టరు సరిగ్గా కూర్చోవాలి."

ఎక్కాను. ఇంజను ఆడుతూనే ఉంది. ఆయన వెనక వరండా దగ్గర నిలబడి రెండు చేతులతో, రా, రా, కొంచెం ఎడమకి, అని పిలుస్తున్నాడు. అద్దంలో చూస్తున్నాను. ఐదేళ్ళుగా ఆ చేతులు నన్ను వెనక్కే పిలుస్తున్నాయి. కిటికీలోంచి తల బయటపెట్టాను.

"నేను వెనక్కి రావట్లేదు లుబోష్. సముద్రానికెళ్తున్నాం. రెండూ పదికి బయల్దేరతా. నువ్వూ ఎక్కు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. షిమోన్ నవ్వలేదు, తలుపు తీసుకుని ఎక్కేశాడు. అప్పుడు లుబోష్ నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడా? ఏమన్నా మతుందా నీకు? గ్యాసు గొట్టం మార్చాలి, ఫ్యాను బెల్టు ఇంకోటి పెట్టుకోవాలి, డ్రిల్లు... ఉండు, ఉండు, షెడ్డులో చూసొస్తా."

షెడ్డులోకి వెళ్ళాడు. వియోలా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కవే."

"అమ్మా, నువ్వూ నాన్నా ఇలా ఎన్నిసార్లన్నారు?"

"సరే, ఎక్కకు. గేటు దాకా పక్కన నడువు. గేటు దాటితే ఎక్కు, లేకపోతే లేదు."

రెండూ పది అయింది. షెడ్డులోంచి డబ్బాలు బోర్లిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. గేరు వేశాను.

"మరి ఈ వరండా ఏం చెయ్యమంటావమ్మా?" అని అరిచాడు క్వాపిల్ గారు.

"పారెయ్యకండి, పనికొస్తుంది!"

బండి నడక వేగంతో కదిలింది. వియోలా కిటికీ పక్కనే నడుస్తోంది, నా వైపు చూడకుండా. గేటు వచ్చింది. గేటు పోయింది. ఇంకో పది అడుగులు నడిచి, పక్కతలుపు లాగి ఎగిరి లోపల పడింది. వెనక్కి తిరిగి చూడలేదు గాని దాని ఊపిరి నాకు వినిపించింది.

రెండో గేరులోకి వస్తుంటే అద్దంలో లుబోష్ కనిపించాడు. పరిగెడుతున్నాడు. మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది. తలుపులు మూసి కదిలాక, ఎవరు పరిగెత్తుకొచ్చినా తెరవకూడదు. ముసలమ్మలకి తెరవలేదు, పెళ్ళికొడుకుకి తెరవలేదు, మా అత్తగారికి కూడా తెరవలేదు. ఆయన నా మొగుడు కాబట్టి తెరిచానని అనుకోకండి. తెరవకూడదనే అనుకున్నాను. ఆ క్షణంలో ఆయనమీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. కానీ ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి. డ్రిల్లు లేదు, డబ్బా లేదు, స్క్రూల పొట్లం లేదు. ఒక కాలికి చెప్పు కూడా లేదు.

బ్రేకు తొక్కాను. క్వాపిల్ గారి పిన్నులు గట్టివే, బండి ఠక్కున ఆగింది.

ఎక్కి, వియోలా పక్కన కూలబడ్డాడు. ఒగర్పు తగ్గడానికి రెండు ఊళ్ళు పట్టింది.

సరిహద్దు ఊరు మికులోవ్ దాకా ఆయన కుదురుగా కూర్చోలేదు. "ఆ చప్పుడేంటి? విన్నావా? అదుగో, మళ్ళీ. ఆ పైన సామాన్ల అర తలుపు వదులైంది. ఆగితే బిగిస్తా." బిగించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. జేబులు తడుముకుని, మళ్ళీ తడుముకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. షిమోన్ ఇచ్చిన ష్నిట్జెల్ తిన్నాడు. సరిహద్దు దాటాక వియోలా ఫ్రెండ్స్‌కి ఫోను చేసి, "నా టికెట్ మార్కేతకి ఇచ్చెయ్యండే. లేదే, నిజంగానే. నిజంగా కదిలింది," అని చెప్పింది. అది చెబుతున్నప్పుడు దాని గొంతు పన్నెండేళ్ళ పిల్ల గొంతులా ఉంది. నాకు రోడ్డు మసకబారింది. తుడుచుకుని నడిపాను.

వియెన్నా దాటాక వెనక మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూశాను. షిమోన్ కిటికీకి తలానించి బయట కొండలు చూస్తున్నాడు. వియోలా బెంచీ మీద ముడుచుకుని నిద్రపోతోంది, పాదాలు రెండూ వాళ్ళ నాన్న ఒళ్ళో ఉన్నాయి. ఆయన వాటిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. తల మీద అర తలుపు టకటకమని కొట్టుకుంటోంది, అటు కూడా చూడడం లేదు.

గ్రాట్స్ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతోంది. నాకు నడుం పట్టేసింది. స్టీరింగు తిప్పడం అలవాటు లేని చేతులు, భుజాలదాకా లాగేస్తున్నాయి. ముందర బండ్లు ఆపుకునే చోటని బోర్డు కనపడింది.

"లుబోష్, ఆపనా? నువ్వు కాసేపు కాళ్ళు చాపుకుందువు గాని. ఆ అర తలుపు కూడా చూసుకో."

ఆయన తల ఎత్తకుండానే, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"వద్దు, ఆపకే. ఆపితే లేస్తుంది."

నేను ఆపలేదు.